మంచుదేశం టైర్లు

రమణయ్య కారు పోర్ట్ బ్లెయర్ పక్కనున్న గరాచర్మలో అందరికీ చప్పుడుతోనే తెలిసిపోయేది. అది ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు. ఎవరో కలప కంపెనీ దొర ముచ్చటపడి ఓడలో తెప్పించుకున్నాడు. దొర వెళ్ళిపోయాక ఒక కాంట్రాక్టరు చేతికి వచ్చింది. ఆ కాంట్రాక్టరు దగ్గర చాలాకాలం డ్రైవరుగా పనిచేసిన రమణయ్యకి, ఆయన దీవులు విడిచి కలకత్తా పోతూ దాన్ని ఇచ్చేశాడు. అప్పటినుంచి రమణయ్య దాన్ని టాక్సీగా తిప్పుతున్నాడు. పోర్ట్ బ్లెయర్ ఆసుపత్రికి వెళ్ళే రోగులు, ఓడ దిగిన ఆఫీసర్లు, కొత్తగా భూములిచ్చిన పల్లెలకి పోయే సెటిలర్లు, అందరూ అందులో ఎక్కినవాళ్ళే.

కారుకి ఉన్న బలమే దాని ఇబ్బంది. ఇంజను ముందుంటుంది గాని తోసేది వెనక చక్రాలు. ఎండాకాలం ఏ కొండనైనా లారీలను దాటుకుని ఎక్కేసేది. మే నెలలో వానలు పట్టాయంటే మాత్రం, గరాచర్మ దాటి దక్షిణంగా అడవిలోకి పోయే మట్టిరోడ్డు ఎర్రటి బురదైపోయేది. యాక్సిలరేటరు మీద కాలు ఆనిస్తే చాలు, వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, కారు తోక పక్కకి జారిపోయేది. వానాకాలమంతా దాన్ని తాటాకు షెడ్డులో పెట్టి, రమణయ్య మళ్ళీ మామగారి వాళ్ళ వలల పనికి పోవలసి వచ్చేది. అతని చిన్నతనంలో భీమిలి తీరం నుంచి సర్కారు రప్పించిన జాలరి కుటుంబాల్లో అతనిదీ ఒకటి. కాని అతనికి పడవలో కడుపు తిప్పుతుంది. ఆ సంగతి చెప్పి నవ్వేవాడు అతని బావమరిది నూకన్న.

నూకన్న రమణయ్య భార్య అసిరమ్మకి తమ్ముడు. పెళ్ళి కాలేదు. తల్లి కాళమ్మతో సముద్రం ఒడ్డున జాలర్ల వాడలో ఉండేవాడు. ఆ ఏడు చలిగాలులు తగ్గిన రోజుల్లో రట్లాండ్ దీవి అవతల పగడపు దిబ్బ మీద ఒక విదేశీ సరుకు ఓడ ఎక్కి ఇరుక్కుపోయింది. మనుషులు క్షేమంగా దిగారు. కావలసిన సరుకు తీసుకున్నాక మిగిలినదాన్ని సముద్రానికి వదిలేశారు. జాలర్లు డింగీలనే చిన్న పడవలు వేసుకుని పోయి దొరికింది తెచ్చుకున్నారు. నూకన్న మొదటిసారి వెళ్ళి వచ్చి, ఆ ఓడలో కారు టైర్లున్నాయని, మంచు పడే దేశాలకోసం చేసినవట, గోళ్ళలాంటి పళ్ళున్నాయని బావకి చెప్పాడు. ఈ వానలకి బావ వల పట్టుకునే పని లేకుండా చేస్తానని కూడా అన్నాడు.

రెండోసారి వెళ్ళి అతను తిరిగి రాలేదు.

ఆ రోజు పెద్ద గాలి కూడా లేదు. తోటివాళ్ళు అతను బయల్దేరడం చూశారు గాని దారిలో ఎక్కడ తప్పిపోయాడో చూడలేదు. వాడలోని డింగీలన్నీ రట్లాండ్ వైపు వెతికాయి. కొన్నాళ్ళకి రెండు టైర్లు ఒకదానికొకటి తాడుతో కట్టి ఉన్నవి వాడ ముందున్న ఇసుకలోకి కొట్టుకొచ్చాయి. ఆ తాడు ముడి చూసి కాళమ్మ ఒడ్డునే కూలబడింది. అది నూకన్న వేసే ముడి. అతనికి వాళ్ళ నాన్న నేర్పిన ముడి, వాడలో ఇంకెవరూ అలా వెయ్యరు.

కొడుకు ఆనవాలు కనబడేదాకా దినం చెయ్యనని కాళమ్మ పట్టుబట్టింది. కులపెద్దలు చెప్పి చూశారు. అసిరమ్మ ఏడ్చి చూసింది. ఆవిడ వినలేదు. టైర్లు రెండూ గుడిసె గోడకి ఆనించి పెట్టుకుని, రోజూ పొద్దున్నే వాటి మీది ఇసుక తుడిచేది.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. రమణయ్య కారు పాత టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. పోర్ట్ బ్లెయర్‌లో అబర్దీన్ బజారులో టైర్లకి పంక్చర్లు వేసే పోలిరాజు దగ్గరికి వెళ్ళి ఏం చేస్తే బాగుంటుందని అడిగాడు. పోలిరాజు విశాఖపట్నంలో లారీ షెడ్డుల్లో పెరిగినవాడు. అతని దగ్గర మద్రాసు నుంచి వచ్చిన కొత్త టైర్లున్నాయి. నిలువు గీతలతో, ఎండురోడ్డు మీద దిట్టంగా పోయేవి. కాని బురదలో ఆ గీతలు మట్టితో పూడుకుపోతే కొత్తదీ పాతదీ ఒకటేనని అతనే చెప్పాడు. లారీకి వేసే పెద్ద పళ్ళ టైర్లు తెచ్చి చక్రం దగ్గర పెట్టి చూశాడు. అవి మడ్‌గార్డుకి రాసుకున్నాయి. వచ్చే ఓడకి సరైనవి తెప్పిస్తానన్నాడు గాని ఆ ఓడ ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయాడు.

అప్పుడు రమణయ్య, అత్త ఇంట్లో ఉన్న ఆ రెండు టైర్ల సంగతి చెప్పాడు. పోలిరాజు సైకిలెక్కి వాడకి వచ్చి చూశాడు. రబ్బరుని బొటనవేలితో నొక్కాడు. చెవి తమ్మెలా మెత్తగా ఉంది. పళ్ళ మధ్య లోతైన కాలవలు, ఒక్కో పంటి మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు. అవి మంచుని పట్టుకోవడానికని, బురదని కూడా అలాగే పట్టుకుంటాయని, కాకపోతే మన ఎండ వాటిని తొందరగా తినేస్తుందని చెప్పాడు. చక్రానికి కొలత సరిపోయింది. అయినా అతను మొహం చిట్లించాడు.

"రెండే ఉన్నాయి భయ్యా. ఎనక రెండింటికే ఏస్తే ఎనక గట్టిగా పట్టి తోస్తాది, ముందువి నున్నగా జారిపోతాయి. నువ్వు స్టీరింగు తిప్పుతావు, బండి తిన్నగానే పోతాది. నాలుగూ ఒక్కలాటివి ఉండాల. లేదంటే ఒద్దు."

అసిరమ్మకి అసలే ఇష్టం లేదు. తమ్ముణ్ణి మింగిన టైర్ల మీద బతుకు వద్దంది. రమణయ్యకీ మనసొప్పలేదు. తిరిగి పోదామనుకుంటుంటే గుడిసె లోపల్నుంచి కాళమ్మ వచ్చింది. అందరూ మాట్లాడింది ఆవిడ విన్నది.

"వాడు నీకోసం తెచ్చినవి అల్లుడూ. నా గోడకి ఆనించడానికి కాదు. అట్టుకెల్లు."

అంతటితో ఎంపిక అయిపోయింది. టైర్లు రెండూ కారు వెనక చక్రాలకి ఎక్కాయి.

మొదటి రోజు రమణయ్య దిగులంతా మరిచిపోయాడు. కారు బురదలో గోళ్ళు దింపుకుని నడిచినట్టు నడిచింది. సర్కారు లారీ కూరుకుపోయి ఉన్న కొండని వెనక చక్రం ఒక్కసారైనా జారకుండా ఎక్కింది. వెనక సీట్లో రోడ్డుపనుల ఓవర్సీరు సత్యారావు కూర్చుని ఉన్నాడు. ఆయన కొండ ఎక్కేదాకా భయంగా తలుపు పట్టుకుని, తరవాత నిశ్చింతగా కునుకు తీశాడు.

అడవి మధ్యలో జెట్టీ మలుపని ఒకటుంది. రోడ్డు అక్కడ కుడికి తిరుగుతుంది. తిన్నగా పోతే ఒకప్పుడు దుంగలు ఓడల్లోకి ఎక్కించిన పాత జెట్టీకి దారి. ఆ జెట్టీ కూలిపోయి, దారిని గడ్డి కప్పేసి, అటు ఎవరూ పోవడం మానేశారు. రమణయ్య మలుపులో స్టీరింగు కుడికి తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి. కారు తిరగలేదు. తిన్నగా గడ్డిలోకి వెళ్ళి ఆగింది. పోలిరాజు చెప్పింది ఇదేనని అనుకుని, వెనక్కి తీసి, మెల్లగా మళ్ళీ తిప్పుకుని వెళ్ళాడు.

సైటు దగ్గర దిగాక సత్యారావు భుజం తుడుచుకుంటూ అడిగాడు.

"మధ్యలో ఎక్కిన మనిషి ఎక్కడ దిగిపోయాడయ్యా? నిద్రలో చూసుకోలేదు. నిలువునా తడిసి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు, చలి పుట్టుకొచ్చింది."

దారిలో ఎవరినీ ఎక్కించుకోలేదని రమణయ్య చెప్పాడు. సత్యారావు ఆ మాట నమ్మక ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. రమణయ్య వెనక తలుపు తీశాడు. అద్దాలు బిగించి ఉన్నాయి, పైకప్పు కారలేదు. అయినా సత్యారావు కూర్చున్న చోటు పక్కన సీటు తడిసి ఉంది. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. కాని మర్నాడు వాన తెరిపిచ్చి ఎండ కాసినప్పుడు అసిరమ్మ తనంతటే వచ్చి చెప్పింది. షెడ్డు బయట ఆపిన కారు పక్కన చేపలు ఆరబెడుతూ ఆసరాకి వెనక టైరు మీద చెయ్యి వేసిందట. నూతిలోంచి అప్పుడే తోడిన నీళ్ళలా చల్లగా ఉందట. ముందు టైర్లు ఎండకి కాలిపోతున్నాయి. రమణయ్య వెళ్ళి చూశాడు. నిజమే. ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే ఎండలో ఉన్నాయి. వెనకది ముట్టుకుంటే చలి అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. అది రబ్బరు చలవ కాదు. లోతు నీళ్ళలో చెయ్యి పెట్టినట్టుంది. మంచుదేశం రబ్బరు అలాగే ఉంటుందేమోనని అన్నాడు. అసిరమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆవిడ షెడ్డు వైపు పోలేదు.

వానలు ముదిరాయి. ఆ దారిన తిరిగే బండి రమణయ్యది ఒక్కటే కావడంతో జనం ఆశగా ఎక్కేవారు. ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు ఏదో ఒకటి అనేవారు. వెనక సీట్లో జాగా ఉన్నా ఒకవైపుకే ఒరిగి కూర్చునేవారు. ఒక రాంచీ కూలీ భార్య, చంకలో పిల్ల ఖాళీగా ఉన్న వైపే చూసి నవ్వుతోందని, హిందీలో మొగుడితో చెప్పి దారిలోనే దిగి నడిచిపోయింది.

జెట్టీ మలుపు దగ్గర మాత్రం ప్రతిసారీ అదే జరిగేది. రమణయ్య ఎంత మెల్లగా వచ్చినా, ఎంత ముందునుంచి తిప్పినా కారు తిన్నగానే పోయేది. పైగా వెళ్ళిన ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి. మొదట గడ్డి అంచున ఆగింది. తరవాత చెట్ల మొదటి వరస దాటింది. ఆ తరవాత మడచెట్ల వాసన తగిలేదాకా పోయింది. బ్రేకు తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుని బురదలో ఈడ్చుకుపోయేవి. వెనక నుంచి ఎవరో రెండు చేతులూ ఆనించి తోస్తున్నట్టు ఉండేది. తనంతట అది ఆగాక మాత్రం బుద్ధిగా వెనక్కి వచ్చేది.

చివరికి రమణయ్య పోలిరాజుని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. బయల్దేరేటప్పుడు పోలిరాజు ముందు టైర్లలో గాలి తగ్గించాడు, ముందు బంపరు మీద ఇసుక బస్తా కట్టాడు. దాంతో ముందు చక్రాలకి బరువు తగిలి మాట వింటాయన్నాడు. మలుపు దాకా కారు బాగానే నడిచింది. మలుపులో మళ్ళీ తిన్నగా దూరింది. పోలిరాజు ఇంజను ఆపెయ్యమన్నాడు. రమణయ్య తాళం తిప్పాడు. ఎనిమిది సిలిండర్ల చప్పుడు ఒక్కసారిగా పోయింది. వాన చప్పుడు మిగిలింది. దాని మధ్య, వెనక చక్రాలు బురదని మెత్తగా నొక్కుకుంటూ తిరుగుతున్న చప్పుడు వినబడింది.

పల్లంలోకి అయితే దొర్లిందనుకోవచ్చు. ఆ దారి అక్కడ కొంచెం ఎగువకి ఉంటుంది. కారు నిదానంగా ఆ ఎత్తు ఎక్కింది. కొమ్మలు అద్దాలకి రాసుకున్నాయి. చెట్ల సందుల్లో కూలిన జెట్టీ దుంగలు, వాటి వెనక బూడిదరంగు నీళ్ళు కనబడేచోట ఆగింది. పోలిరాజు వెనక్కి తిరిగి చూడలేదు. రమణయ్య అద్దంలోంచి వెనక సీటు చూశాడు. సీటు ఖాళీగానే ఉంది. కాని దాని ఒక పక్క, మనిషి కూర్చుంటే దిగినట్టు, కిందికి అణిగి ఉంది.

బజారుకి తిరిగొచ్చాక పోలిరాజు ఒక్కటే చెప్పాడు. "ఇప్పేద్దాం భయ్యా. నా పని కాదిది."

టైర్లు విప్పే ముందు అత్తకి చెప్పడం ధర్మమని రమణయ్యకి అనిపించింది. మర్నాడు పొద్దున్న వాడకి వెళ్ళి, ఇన్నాళ్ళూ దాచినదంతా ఆవిడ ముందు కూర్చుని చెప్పాడు. తడిసిన సీటు, చల్లటి రబ్బరు, మలుపు, జెట్టీ. చెబుతున్నంతసేపూ కాళమ్మ వల కంతలు కడుతూనే ఉంది. అంతా విని, దారం పళ్ళతో తెంపి లేచింది. పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. నూకన్న లుంగీ, చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది.

"పద," అంది.

అసిరమ్మ కూడా వస్తానంది. తల్లి వద్దంది. వెనక సీట్లో తానొక్కతే కూర్చుంది. తలుపు వైపుకి జరిగి, పక్కన జాగా వదిలి కూర్చోవడం రమణయ్య అద్దంలో చూశాడు.

వాన సన్నగా, ఆగకుండా పడుతోంది. మిట్టమధ్యాహ్నమే అయినా అడవిలో వెలుతురు చచ్చిపోయి ఉంది. మలుపు దగ్గర పడుతుంటే రమణయ్య స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఆవిడ అది గమనించినట్టుంది. తిప్పొద్దంది. వాడు ఎటు తోస్తే అటే పోనిమ్మంది. రమణయ్య స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. కారు గడ్డిలోకి దిగి, చెట్ల వరసలు దాటి, ఎత్తెక్కి, ఇదివరకు ఆగిన చోటు కూడా దాటి, మడచెట్ల వేళ్ళు నేలలోంచి పొడుచుకొచ్చిన చోటికి వచ్చి ఆగింది. ముందు చక్రాలకి ఉప్పునీళ్ళు తగులుతున్నాయి.

కాళమ్మ తలుపు తీసుకుని దిగింది. సముద్రం పోటు తగ్గి ఉన్న వేళ. మోకాళ్ళలోతు బురదలో, వేళ్ళు పట్టుకుంటూ, కూలిన దుంగల కిందికి వంగి వెళ్ళింది. రమణయ్య వెనకే వెళ్ళాడు. దుంగల కింద చీకట్లో ఒక డింగీ బోర్లా పడి, రెండు స్తంభాల మధ్య ఇరుక్కుని ఉంది. సముద్రం వైపు నుంచి చూస్తే దుంగలు తప్ప ఏమీ కనబడవు. అందుకే వెతికిన పడవలు దాని ముందునుంచే పోయాయి. కాళమ్మ డింగీ అడుగుని చేత్తో తడిమింది. ఒకచోట చెక్క అతుకు ఉంది. ఆ అతుకు మీద చెయ్యి అలాగే ఉంచింది. అది తన మొగుడు వేసిన అతుకని మెల్లగా చెప్పింది.

రమణయ్య వంగి లోపల చూశాడు. చుట్టుపక్కల వేళ్ళ మధ్య కూడా వెతికాడు. మనిషి ఆనవాలు మరేమీ లేదు. అతనికి ఏడుపొచ్చింది. కాళమ్మ ఏడవలేదు. డింగీ పక్కన నీళ్ళలోకి చూస్తూ, ఆలస్యమైన కొడుకుని మందలించే గొంతుతో అంది.

"ఇక్కడున్నావేటి నాయనా. మేమంతా అటు ఎతికినాం. సరేలే, రా. ఇంటికెల్దాం."

ఆవిడ తిరిగి కారు దగ్గరికి వచ్చి వెనక తలుపు తెరిచి పట్టుకుంది. తాను ఎక్కలేదు. వానలో తడుస్తూ కొంతసేపు అలాగే నిలబడింది. రమణయ్య డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకి చూస్తున్నాడు. అద్దం వైపు చూసే ధైర్యం చాలలేదు. స్ప్రింగులు కిర్రుమన్నాయి. కారు వెనక భాగం బరువు పడినట్టు కిందికి దిగింది. తరవాత కాళమ్మ ఎక్కి తలుపేసింది. అప్పుడు మళ్ళీ కిర్రుమన్నాయి.

తిరుగుదారిలో కారు బరువుగా నడిచింది. ఇద్దరే ఉన్న కారులా కాక, పెళ్ళివారిని ఎక్కించుకున్నట్టు కొండల దగ్గర ఇంజను మూలిగింది. లోపల చలికి రమణయ్య ఊపిరి పొగలా వచ్చి అద్దం మీద ఆవిరిపట్టింది. ఆ దీవుల్లో పుట్టి పెరిగిన వాళ్ళెవరూ చూడని సంగతి అది. అతను చేత్తో అద్దం తుడుచుకుంటూ నడిపాడు. వెనక కాళమ్మ ఏవో ఇంటి కబుర్లు చెబుతోంది. అక్కకి నెల తప్పిందని చెప్పింది. చిరిగిన పెద్దవల బాగుచేశానని చెప్పింది. మధ్యమధ్యలో ఆగేది, ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు. ఒకసారి ఆవిడ చిన్నగా నవ్వింది కూడా.

వాడలో గుడిసె ముందు ఆపాక కాళమ్మ ముందు తాను దిగి, తలుపు పట్టుకుని, పక్కకి తప్పుకుంది. కారు వెనక భాగం తేలికై పైకి లేచింది. గుమ్మంలో నిలబడ్డ అసిరమ్మ ఉన్నట్టుండి పక్కకి జరిగింది. ఎందుకు జరిగావని తరవాత రమణయ్య అడిగితే, ఎవరో లోపలికి వస్తుంటే దారి ఇవ్వాలనిపించిందని, ఎవరూ కనబడలేదని చెప్పింది.

ఆ సాయంత్రమే కాళమ్మ కులపెద్దల్ని పిలిపించింది. నా కొడుకు ఇంటికొచ్చాడు, ఇంక వాణ్ణి పద్ధతిగా పంపండి అంది. వాళ్ళు దర్భగడ్డితో బొమ్మ చేసి, దానికి ఆవిడ తెచ్చిన లుంగీ, చొక్కా కట్టి, ఒడ్డున దహనం చేశారు. వాడంతా వచ్చింది. పోలిరాజు వచ్చి దూరంగా నిలబడ్డాడు. బూడిద సముద్రంలో కలిపేటప్పుడు కాళమ్మ మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. అసిరమ్మ ఆవిణ్ణి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు రమణయ్య వెనక టైర్లు ముట్టుకుని చూశాడు. మామూలు రబ్బరు. ఎండ పడేసరికి వేడెక్కింది. పోలిరాజు చెప్పినట్టే మన ఎండ ఆ టైర్లని తినేసింది. వానలు వెనక్కి తగ్గేసరికి పళ్ళన్నీ అరిగి, లోపలి నూలు కనబడింది. అప్పటికి ఓడ వచ్చింది. పోలిరాజు నాలుగు చక్రాలకీ ఒక్కలాంటి టైర్లు వేసి, తానే మలుపు దాకా నడిపి చూసి వచ్చాడు. దహనం అయినప్పటినుంచి ఆ కారెక్కినవాళ్ళెవరూ చలి అనలేదు. అసిరమ్మకి కొడుకు పుట్టాడు. కాళమ్మ కూతురి దగ్గరికి గరాచర్మ వచ్చేసింది.

రమణయ్య చాలా ఏళ్ళు ఆ దారిలో బండి నడిపాడు. జెట్టీ మలుపులో ఇప్పుడు కారు చెప్పినట్టు కుడికి తిరిగేది. ఎక్కినవాళ్ళుంటే అతను తిప్పుకుని పోయేవాడు. బండిలో ఒక్కడే ఉన్న రోజున మాత్రం, మలుపు ముందు వేగం తగ్గించి, స్టీరింగు మీంచి చేతులు ఒక్క క్షణం తీసి చూసేవాడు. కారు రోడ్డు అంచు దాకా పోయి, ఎటూ తోచనట్టు ఆగేది. అతను మళ్ళీ చేతులు వేసి, కుడికి తిప్పుకుని, పనికి పోయేవాడు.